బ్లేక్‌రిగ్ సంతకం

ఆగస్టు 21, సోమవారం

నేను రిటైరైన రోజున నర్సు పిల్లలంతా కలిసి ఇచ్చిన డైరీ ఇది. రెండేళ్ళు అలమరలో పడి ఉంది. రాయడానికి ఏముంది నా బతుకులో? పొద్దున టీ, మధ్యాహ్నం అమ్మతో తగువు, సాయంత్రం కుక్కతో నడక. ఇవాళ మాత్రం రాయాలనిపించింది. ఎవరితోనూ చెప్పుకునే సంగతి కాదు కాబట్టి.

మ్యూజియంలో కొత్తగా చేరిన అమ్మాయి బెథన్ మా ఇంటికి వచ్చింది. ఎక్కడో దక్షిణాన పట్నంలో పెరిగిన పిల్ల, ఈ కొండల్లోకి వచ్చి ఆర్నెల్లు కూడా కాలేదు. టీ తాగింది, కుక్కని ముద్దు చేసింది, వానల గురించి మాట్లాడింది. అసలు సంగతికి రావడానికి అరగంట పట్టింది. 1973లో నాన్న పెట్టిన ప్రదర్శనకి, ఒకప్పుడు ఈ కొండల్లో కాపలా ఉన్న రోమను సిపాయిల వస్తువులది, యాభై ఏళ్ళు నిండుతున్నాయట. ఆ వస్తువులన్నీ మళ్ళీ ఒక చోటికి చేర్చాలని ఆ పిల్ల పట్టుదల. మొత్తం నలభై ఒకటి, అన్నీ చుట్టుపక్కల రైతులకి పొలం దున్నుతుంటేనో గోడ కడుతుంటేనో దొరికినవి, ప్రదర్శనకని అరువిచ్చినవి. ముప్పై ఎనిమిదింటి జాడ తీసిందట.

"మిగతా మూడూ?" అన్నాను, తెలిసే.

"బ్లేక్‌రిగ్ పొలం నుంచి వచ్చినవండీ. తిరిగి ఇచ్చినట్టు రసీదు ఉంది. కానీ ఆ సంతకం తనది కాదని సొంతదారు ఉత్తరం రాశారు, అదీ ఫైల్లోనే ఉంది." చేతులు నలుపుకుంది. "చిన్న పుస్తకం వేస్తున్నామండీ. సెప్టెంబరు ఇరవై తొమ్మిదిన అచ్చుకి పోతుంది. వాటి ఎదురుగా ఏదో ఒకటి రాయాలి కదా. మీరు చూడకుండా రాయడం న్యాయం కాదనిపించింది."

కాగితం చూపించింది. 'ఈ మూడు వస్తువులూ సొంతదారుకి తిరిగి చేరలేదు. అప్పటి నిర్వాహకుడు వాల్టర్ స్టాబ్స్ చూపిన రసీదు నమ్మదగినది కాదు.'

నలభై తొమ్మిదేళ్ళుగా నోటిమాటగా తిరుగుతున్నది ఇప్పుడు అచ్చులోకి ఎక్కుతుందన్నమాట. నాన్న పోయి పంతొమ్మిదేళ్ళయింది. పోయినవాళ్ళకి నొప్పి ఉండదని నేనే ఎన్ని ఇళ్ళల్లో చెప్పానో. ఇవాళ ఆ మాట నాకు ఎక్కలేదు.

ఇరవై తొమ్మిది దాకా గడువు అడిగాను. ఇచ్చింది.

ఆగస్టు 22, మంగళవారం

మ్యూజియంకి వెళ్ళి ఫైలు చూశాను. నాన్న చేతిరాత చూసి చాలా కాలమైంది. బడిపంతులు రాత, ఒక్క అక్షరం వంకర పోదు. నలభై ఒక్క వస్తువులకీ బొమ్మలు గీశాడు, పెన్సిలుతో, ఎంత ఓపికో.

ఆ మూడూ ఇవి. డాలు మధ్యలో ఉండే కంచు గుబ్బ, బోర్లించిన గిన్నెలా ఉంటుంది, దాని అంచున చుక్కలు చుక్కలుగా విటాలిస్ అని సిపాయి పేరు. ఇనుప టోపీకి చెంప మీదుగా వేలాడే కంచు రేకు. గుర్రం పట్టెడకి కట్టే నెలవంక బిళ్ళ. ఇచ్చినవారి పేరు దగ్గర నాన్న 'బ్లేక్‌రిగ్' అని మాత్రం రాశాడు. మనిషి పేరు లేదు. మిగతా వరసలోనూ అంతే, అన్నీ పొలాల పేర్లే. నాన్న డర్హమ్ పట్నం నుంచి వచ్చినవాడు, ఊరివాళ్ళలా మాట్లాడాలని మహా సరదా. ఇక్కడ ఎవరినీ ఇంటిపేరుతో పిలవరు, ఏ పొలం చేస్తే ఆ పొలమే పేరు. ముప్పై ఐదేళ్ళు నర్సుగా తిరిగి నాకూ అదే అలవాటైంది. సగం మందికి అసలు పేర్లేమిటో చావు కాగితం మీద చూస్తే తప్ప తెలిసేది కాదు.

రసీదు: 'మూడూ అందాయి. బ్లేక్‌రిగ్. 11 జూన్ 74.' లావు పెన్సిలుతో కెలికినట్టుంది.

సొంతదారు టామ్ డాడ్ ఉత్తరం, అదే ఏడు అక్టోబరులో: 'జూన్ పదకొండున నేను బ్లేక్‌రిగ్‌లో లేను. మే పదమూడుకే కౌలు మారి వేరే పొలానికి, హెస్ల్‌హోప్ వచ్చేశాను. ఆ పేరు నేనెందుకు పెడతాను? దొంగ సంతకం పెట్టేవాడు ఈపాటి కనుక్కుని పెట్టాల్సింది.'

ఇది నాకు తెలియదు. అప్పటికి నాకు పదమూడేళ్ళు, అంత పిల్లకి ఎవరు చెప్తారు.

ఇంకొక ఉత్తరం ఉంది. బ్లేక్‌రిగ్‌కి కొత్తగా వచ్చిన కౌలుదారు కిట్ మిల్బర్న్‌కి నాన్న రాసినట్టున్నాడు, దానికి జవాబు. కిట్ భార్య గుండ్రటి రాత. 'అయ్యా, టామ్ డాడ్‌ది ఇక్కడ ఏమీ లేదు. వెళ్ళేటప్పుడు గోడకి మేకు కూడా వదల్లేదు. మా ఆయన తరఫున, ఎం. మిల్బర్న్.'

వస్తువుల పెట్టెని పట్టుకెళ్ళింది టపా బస్సు నడిపే రాబ్. ఆ ఆగస్టులోనే గుండె ఆగి పోయాడు. రాబ్ మీదకి తోసేస్తే నాన్న బయటపడేవాడు, చచ్చినవాడు వచ్చి కాదనడు కదా. ఎక్కడా తొయ్యలేదు. క్రిస్మస్‌కి మ్యూజియం తాళాలు ఇచ్చేసి ఇంటికొచ్చాడు.

ఆగస్టు 24, గురువారం

నాన్నని అనుమానించడం లేదు. ఇది ముందు రాసిపెట్టుకోవాలి.

ఆగస్టు 27, ఆదివారం

మధ్యాహ్నం మాంసం వేపుడు, బంగాళాదుంపలు. అమ్మ బాగానే తింది. ఎనభై తొమ్మిదేళ్ళకి పళ్ళు లేవుగానీ నాలుక మాత్రం ఒక్క ఇంచి అరగలేదు.

పుస్తకం సంగతి చెప్పాను.

"వదిలెయ్యవే," అంది.

"ఎలా వదిలేస్తానమ్మా? నాన్న పేరు వేస్తున్నారు."

"వెయ్యనీ. చదివేవాళ్ళు ఎవరు, నలుగురు ముసలాళ్ళు. వాళ్ళకి ఎటూ తెలుసు."

"ఏం తెలుసు?"

నాకేసి చూసింది. నేను చిన్నప్పుడు జామ్ దొంగతనం చేస్తే చూసే చూపు. "పిల్లా, నిజం చెప్పేవాడు అరుస్తాడు. టామ్ డాడ్ సంత మధ్యలో నిలబడి అరిచాడు, మీ నాన్న అరిచాడా? తలొంచుకుని ఇంటికొచ్చి తోట చుట్టూ మొక్కల కంచె కత్తిరించాడు."

"నాన్న ఎప్పుడైనా అరవడం చూశావా నువ్వు?"

"అందుకే అంటున్నా. అప్పుడన్నా అరవాల్సింది."

గిన్నెలు నేను కడిగాను. అమ్మ తుడిచింది. నేనెప్పుడో వదిలేశానే, నువ్వూ వదిలెయ్ అని మరోసారి అంది. ఇన్నేళ్ళూ అమ్మ నాన్నని నమ్మలేదా? నమ్మకుండానే ఆయన చొక్కాలు ఇస్త్రీ చేసి, ఆయన పక్కన చర్చిలో కూర్చుందా? ఎప్పుడూ అడగలేదు నేను. అడిగితే నన్ను కూడా అడుగుతుందని కావచ్చు.

ఆగస్టు 30, బుధవారం

హెస్ల్‌హోప్ వెళ్ళాను. టామ్ డాడ్ పోయాడు, ఇప్పుడు కూతురు జెనెట్ చేస్తోంది ఆ పొలం. బడిలో నాకంటే రెండు తరగతులు పైన. డెబ్బై నాలుగు నుంచి నాతో మాట్లాడలేదు. వాళ్ళమ్మకి జబ్బు చేసినప్పుడు కూడా వేరే నర్సుని పంపమని కబురు చేసింది.

తలుపు జానెడు తీసింది.

"జెనెట్, ఒక్క మాట."

"మీ నాన్న సంగతేనా?"

"మీ నాన్న వస్తువుల సంగతి."

"దొరికాయా?"

"లేదు. వెతుకుతున్నాను."

"ఎక్కడ వెతుకుతున్నావ్ మరి? మీ ఇంట్లో వెతికావా?"

అంతే. తలుపు వేసింది. అందులో పొగరేమీ లేదు, నిజంగానే అడిగింది. అదే బాధ.

సెప్టెంబరు 2, శనివారం

పార కోసం నాన్న షెడ్డు తీశాను. తోటలో ఉల్లి మడి తవ్వాలి. షెడ్డు ఎటూ ఎప్పుడో ఒకప్పుడు సర్దాలి కాబట్టి అడుగునున్న పెట్టెలు కూడా దించాను. నాలుగు పెట్టెలు. విత్తనాల పొట్లాలు, గొళ్ళేలు, పాత పరీక్ష పేపర్లు, విరిగిన చేపల గాలం. పలకల కింద కూడా ఒకసారి చూశాను, ఎలకలు చేరాయేమోనని. ఏమీ లేదు.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు ఉంది నా పని. దొంగ కూడా కాదు, దొంగ కూతుర్ని. ఇలా రాయకూడదు. కొట్టెయ్యను, ఉండనీ.

సెప్టెంబరు 3

పార వంటింటి వెనకాలే ఉంది.

సెప్టెంబరు 9, శనివారం

గొర్రెల పోటీలు. వాన రాలేదు, అదే వింత. అమ్మని తీసుకెళ్ళలేదు, మోకాలు బాగోలేదంది. పొట్టేళ్ళు, చెక్కిన చేతికర్రల పోటీ, కాకరకాయంత కూడా లేని నా ఉల్లికాడలకి ఎప్పటిలా బహుమతి ఏమీ రాలేదు.

టీ డేరాలో ఈసారి పాత ఫోటోలు పెట్టారు, గెలిచిన పొట్టేళ్ళవి, వంద ఏళ్ళవి. చేతిలో కప్పుతో ఊరికే చూసుకుంటూ పోతున్నాను. '1981. మొదటి బహుమతి. బ్లేక్‌రిగ్.' నల్లమొహం పొట్టేలు, దాని తాడు పట్టుకుని నవ్వుతున్న మనిషి. పొట్టేలు మెడలో ఒక బిళ్ళ.

నెలవంక బిళ్ళ. కొసలు కిందికి, మధ్యలో చిన్న గుండీ. నాన్న గీసిన బొమ్మ నకలు, ఫైలు చూసిన రోజు తీసుకున్నది, ఇంకా నా కోటు జేబులోనే ఉంది. తీసి పక్కన పెట్టి చూశాను. గీతకి గీత సరిపోయింది.

పక్కన జాన్ రోసన్ కూర్చుని ఉన్నాడు. తొంభై దాటాయి, ఈ లోయలో ప్రతి కంచే తెలుసు ఆయనకి.

"తాతా, ఈ ఫోటోలో ఎవరు?"

"రాసుంది కదే. బ్లేక్‌రిగ్."

"బ్లేక్‌రిగ్ అంటే టామ్ డాడే కదా?" అనేశాను, బుర్రంతా ఆ ఫైలే.

"టామ్ హెస్ల్‌హోప్ కదే నర్సమ్మా! నీకే మతిపోయిందా, నాకా? టామ్ మే నెల్లో బండి కట్టుకుని పోయిన్నాటి నుంచీ బ్లేక్‌రిగ్ అంటే కిట్టే. పేరు మనిషిది కాదు తల్లీ, పొలానిది. మనిషి పోతాడు, పేరు అక్కడే ఉంటుంది."

నాకు తెలియని మాటా ఇది? ముప్పై ఐదేళ్ళు నేనూ అలాగే పిలిచాను. కిట్ మిల్బర్న్ కాలి పుండుకి మూడేళ్ళు కట్టు కట్టాను, ఒక్కనాడు మిల్బర్న్ గారూ అనలేదు. "ఏం బ్లేక్‌రిగ్, ఎలా ఉంది కాలు?" అనేదాన్ని.

నాన్న పెట్టె మీద 'బ్లేక్‌రిగ్' అని రాసి రాబ్‌కి ఇచ్చాడు. డర్హమ్‌వాడు రాబ్ అయ్యుంటే బ్లేక్‌రిగ్ అంటే ఎవరని నాన్ననే అడిగి హెస్ల్‌హోప్‌లో దించేవాడు. రాబ్ ఇక్కడివాడు. బ్లేక్‌రిగ్ పెట్టెని బ్లేక్‌రిగ్‌కి ఇచ్చాడు. బ్లేక్‌రిగ్ సంతకం పెట్టాడు.

దొంగ సంతకం కాదది. వేరే బ్లేక్‌రిగ్.

సెప్టెంబరు 10, ఆదివారం

అమ్మకి చెప్పలేదు. చూసి రానీ ముందు. ఫోటోలో బిళ్ళ ఏదైనా కావచ్చు. కిట్ భార్య రాసిన ఉత్తరం ఒకటి ఉంది, టామ్‌ది ఇక్కడ ఏమీ లేదని. ఆవిడ అబద్ధం రాసే మనిషి కాదు. మూడేళ్ళు ఆవిడ చేతి కేకులు తిన్నాను.

సెప్టెంబరు 12, మంగళవారం

బ్లేక్‌రిగ్ వెళ్ళాను.

కిట్ పోయాక కొడుకు ఆల్ఫ్ చేస్తున్నాడు. డెబ్బై ఏళ్ళు వచ్చాయి, పెళ్ళి చేసుకోలేదు, కుక్కలే సంసారం. నన్ను చూసి వాకిట్లోంచే కేకేశాడు.

"నర్సమ్మా! ఎవరు చచ్చారు?"

"ఎవరూ చావలేదు. టీ పెట్టు."

పెట్టాడు. నేను ఎప్పుడూ కూర్చునే కుర్చీలోనే కూర్చున్నాను. కోటు తీసి ఎప్పుడూ తగిలించే మేకుకి తగిలించబోతూ ఆగిపోయాను. ఆ పక్క మేకుకి ఉంది, నల్లగా పొగచూరి, చెవి దగ్గర వంపుతో. చెంపరేకు. మూడేళ్ళు, వారానికి రెండుసార్లు, దాని పక్కనే నా కోటు తగిలించాను. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టు.

"ఆల్ఫ్, ఇదేమిటి?"

"అదా? బ్లేక్‌రిగ్‌ది."

"అంటే నీదా?"

"నాదెందుకవుతుంది? బ్లేక్‌రిగ్‌ది అంటున్నాగా." నాకు అర్థం కావట్లేదని చూసి, చిన్నపిల్లకి చెప్పినట్టు మొదలుపెట్టాడు. "మేం ఇక్కడికి వచ్చిన కొత్తలో రాబ్ ఓ పెట్టె తెచ్చాడు. పైన బ్లేక్‌రిగ్ అని ఉంది. నాన్న సంతకం పెట్టి తీసుకున్నాడు. విప్పితే పాత ఇత్తడి సామాన్లు, కింద చీటీ, బ్లేక్‌రిగ్ పొలంలో దొరికినవి అని. సరే, పొలంలో దొరికినవి పొలానివి. కొండ మీద మంద ఉంది చూడు, టామ్ వెళ్తే గొర్రెలు తోలుకుపోయాడా? పోలేదు. ఈ కొండకి అలవాటుపడ్డ గొర్రెలు ఈ కొండవే, ఎవడొచ్చినా వాడికి అప్పజెప్పి పోవాలి. ఇవీ అంతే."

"మీ అమ్మ ఉత్తరం రాసింది. టామ్‌ది ఇక్కడ ఏమీ లేదని."

"లేదుగా! టామ్‌ది ఏముంది ఇక్కడ? మేకులు కూడా పీక్కుపోయాడు ముష్టి నాయాలు. మీ నాన్న టామ్‌వి అని అడిగాడు, మా నాన్న లేవన్నాడు. బ్లేక్‌రిగ్‌వి ఉన్నాయా అని అడిగుంటే ఉన్నాయని చెప్పేవాడు."

"సంతలో టామ్ అంత గోల చేస్తే మీకు వినపడలేదా?"

"సంతకి మేం ఏడాదికి రెండుసార్లు. పైగా టామ్‌తో మాకు మాటల్లేవు. వాడు ఏదో పోయిందని ఏడుస్తున్నాడని విన్నాం. ఏం పోయిందో ఎవడు అడుగుతాడు?"

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నవ్వాను. నవ్వుతూనే ఏడ్చాను. ఆల్ఫ్ కంగారుపడి కుక్కని బయటికి పంపేశాడు, అదేదో దానివల్ల జరిగినట్టు.

బిళ్ళ సొరుగులో ఉంది, పొట్టేలు తాడుతో సహా. పోటీలకి కడతారట, అచ్చొచ్చిన బిళ్ళ అట. "గుబ్బ ఏది?" అన్నాను. కాసేపు బుర్ర గోక్కుని, కోళ్ళ గూడు దగ్గరికి తీసుకెళ్ళాడు. దాణా డబ్బాలో ఉంది. కోళ్ళకి కొలిచి పోసే గిన్నె. అంచు రాసుకుపోయి మెరుస్తోంది, పేరు మాత్రం చెరగలేదు.

"ఏదో పేరు కూడా ఉంది కదా దాని మీద," అన్నాడు. "విటాలిస్. గొర్రెల టానిక్ కంపెనీ అనుకున్నాడు మా నాన్న. కొలతకి వాళ్ళిచ్చిన గిన్నె అనుకున్నాడు."

పద్దెనిమిది వందల ఏళ్ళ కిందట ఏ సిపాయో పక్కవాడు కొట్టేస్తాడని పేరు చెక్కుకున్నాడు పాపం. ఆ పేరులో ఒక్క చుక్క కూడా పోకుండా కోళ్ళు కాపాడాయి.

జరిగింది రాసివ్వమన్నాను. వంటింటి బల్ల మీద అరగంట కూర్చుని రాశాడు, నాలుక బయటపెట్టి. కింద సంతకం చూశాను: 'బ్లేక్‌రిగ్'.

"ఆల్ఫ్! నీ పేరు రాయి!"

"ఏ పేరు?"

"నీకు బాప్తిస్మం ఇచ్చినప్పుడు పెట్టిన పేరు!"

గొణుక్కుంటూ రాశాడు.

సెప్టెంబరు 14, గురువారం

ఆల్ఫ్ రాసిచ్చిన కాగితం బెథన్ రెండుసార్లు చదివింది. రసీదు తెచ్చి, కిట్ మిల్బర్న్ పెళ్ళి రిజిస్టరులో పెట్టిన సంతకంతో పోల్చింది. అక్కడ కూడా మహానుభావుడు పేరు తర్వాత అప్పటి పొలం పేరు రాశాడు, అదే కెలుకుడు. "నాకు ఇది ఎన్నటికీ తట్టేది కాదండీ," అంది. తట్టదు. ఇక్కడ పుట్టినవాళ్ళకి కూడా తట్టలేదు, ఇక్కడ పుట్టారు కాబట్టే.

పుస్తకంలో వాక్యం మార్చి రాసిచ్చింది. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను.

అమ్మకి రేపు చెప్తాను.

సెప్టెంబరు 16, శనివారం

మళ్ళీ హెస్ల్‌హోప్. ఈసారి ఆల్ఫ్‌ని కూడా లాక్కెళ్ళాను, వస్తువులు గోనెసంచిలో పెట్టుకుని వచ్చాడు. జెనెట్ తలుపు పూర్తిగా తీసింది.

బల్ల మీద పరిచాం. ఆల్ఫ్ చెప్పాడు, ముష్టి నాయాలు అన్న మాట ఒక్కటీ తప్పించి. జెనెట్ గుబ్బని చేతిలోకి తీసుకుని వేలితో అంచు తడిమింది.

"మా నాన్న దీన్ని కాలవ తవ్వుతుంటే తీశాడు. అప్పుడు నేను పక్కనే ఉన్నాను," అంది. గుబ్బని బల్ల మీద పెట్టి, "మా నాన్న కూడా అబద్ధం ఆడలేదు కదా ఐలీన్?"

"లేదు. ఆయన సంతకం పెట్టలేదు. మా నాన్న పెట్టలేదు. ఇద్దరూ నిజమే చెప్పారు."

"మరి ఇంత కాలం ఇదేమిటే?"

ఆల్ఫ్ టోపీ నలుపుకుంటూ, ఎవరివి ఇవి ఇప్పుడు అని అడిగాడు. పొలానివని అతను, నాన్నవని ఆవిడ కాసేపు వాదించుకున్నారు. చివరికి ఇద్దరూ కలిసి మ్యూజియంకే ఇచ్చేద్దామనుకున్నారు. పొట్టేలు పోటీకి ఏడాదికి ఒక్కసారి బిళ్ళ ఇవ్వాలని ఆల్ఫ్ షరతు. బెథన్ చచ్చినా ఒప్పుకోదు, అది నేను చెప్పలేదు.

వెళ్ళేటప్పుడు జెనెట్ గేటు దాకా వచ్చింది. "మీ అమ్మకి చెప్పావా?"

"చెప్తాను."

సెప్టెంబరు 18

అమ్మకి జలుబు. తగ్గాక చెప్తాను.

సెప్టెంబరు 20

జలుబు తగ్గింది. ఇవాళ అద్దాల డాక్టరు దగ్గరికి వెళ్ళి అలసిపోయింది.

సెప్టెంబరు 22

ఇంకొకరి నోట వింటే ఏమవుతుంది? నలుగురికీ తెలిసిపోయింది, రొట్టెల కొట్టులో నన్ను ఆపి చెయ్యి పట్టుకుంటున్నారు. ఇదే జనం. చెప్పాల్సిన శుభవార్త ఇది, జేబులో పెట్టుకుని తిరుగుతున్నాను ఏదో రోగం రిపోర్టులా. ఎన్నో ఇళ్ళల్లో చెడ్డ కబుర్లు చెప్పాను, ఒక్కనాడు ఇలా వాయిదా వెయ్యలేదు.

ఎందుకో నాకు తెలుసు. నాన్న తప్పు చెయ్యలేదంటే, తప్పు అనుకున్నవాళ్ళం మిగులుతాం. నేనూ, అమ్మా.

సెప్టెంబరు 24, ఆదివారం

చెప్పాను.

భోజనం అయ్యాక, గిన్నెలు కడగకముందే. మొదట్నుంచీ చివరిదాకా చెప్పాను. కోళ్ళ గిన్నె దగ్గర నవ్వుతుందనుకున్నాను, నవ్వలేదు. బెథన్ ఇచ్చిన కాగితం తీసి చదివాను. 'ఈ మూడు వస్తువులూ 1974 జూన్ 11న బ్లేక్‌రిగ్ పొలానికి తిరిగి చేరాయి. నిర్వాహకుడు వాల్టర్ స్టాబ్స్ చూపిన రసీదు నిజమైనదే.'

"మళ్ళీ చదువు," అంది.

మళ్ళీ చదివాను.

"నిజమైనదే అని వేస్తారా? ఆ మాటే?"

"ఆ మాటే."

బల్ల మీద రొట్టె ముక్కల్ని వేలితో ఒక చోటికి చేరుస్తూ కూర్చుంది. నేను భయపడుతూనే అడిగాను, "నాన్న నీకు ఎప్పుడూ చెప్పలేదా అమ్మా, తను తియ్యలేదని?"

"చెప్పాడు. ఆ అక్టోబరులోనే, టామ్ అరిచిన సాయంత్రం. 'విన్నీ, నేను తియ్యలేదు' అన్నాడు. నేను గిన్నెలు తోముతున్నాను. వెనక్కి తిరగలేదు. మళ్ళీ ఎప్పుడూ చెప్పలేదు."

"ఒక్కసారే?"

"ఒక్కసారే." రొట్టె ముక్కలు కుప్ప చేసింది. "నేను ఆయన్ని క్షమించానే ఐలీన్. నిజంగా. మనసులో ఏమీ పెట్టుకోలేదు. ఆస్పత్రిలో చివరి రోజుల్లో, నువ్వు కార్లోంచి దుప్పటి తేవడానికి వెళ్ళావు, అప్పుడు చెప్పాను. ఆ బరువుతో పోవద్దని. 'వాల్టర్, ఆ బ్లేక్‌రిగ్ సంగతి నేనెప్పుడో క్షమించేశాను' అన్నాను."

"నాన్న ఏమన్నాడు?"

"నా చెయ్యి తట్టాడు. 'థాంక్స్ విన్నీ' అన్నాడు."

ఏడుపొచ్చింది, ఆపుకోలేదు. అమ్మ ఏడవలేదు. లేచి గిన్నెలు తొట్టిలో వేసింది. ఇవాళ తుడవమని నాకు గుడ్డ ఇచ్చి తనే కడిగింది, మోకాలు నొప్పితోనే, అన్నీ అయ్యేదాకా.

సెప్టెంబరు 25, సోమవారం

పొద్దున టీ దగ్గర అమ్మ అడిగింది, "నా మీద ఆయనకి కోపం ఎందుకు రాలేదే?"

తెలియదమ్మా అన్నాను. తెలుసు. గిన్నెలు తోముతూ అమ్మ వెనక్కి తిరగని ఆ సాయంత్రమే ఆయన అమ్మని క్షమించేశాడు. ఇప్పుడు చెప్తే తట్టుకోలేదని చెప్పలేదు.